రెండింటికీ పనికొచ్చే టైర్లు

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను సాధించిన ఘనకార్యం ఒక్కటే. పద్నాలుగు పేజీల నోటు రాసి, కొండ ఎక్కే జీపుని కొండ ఎక్కకుండా ఆపాను. ఎలా ఆపావని ఇంతవరకూ ఎవరూ అడగలేదు గనక నేనే చెప్పుకుంటున్నాను.

నా పేరు వేమకోటి నరసింగరావు. జిల్లా కేంద్రంలో సంచార ఆరోగ్య విభాగంలో సూపరింటెండెంటుని. పేరుకి సంచార విభాగమేగాని మాలో ఎవరమూ కుర్చీ దాటి సంచరించం. మా అందరి తరఫునా సంచరించేది ఒక జీపు. అది మాకు తొంభై కిలోమీటర్ల దూరాన, ఏజెన్సీలో, చింతలగెడ్డ అనే ఊళ్లో చిన్న ఆసుపత్రి ముందుంటుంది. దాన్ని నడిపేవాడు గౌరునాయుడు. అందులో వెళ్లి కొండ మీది మూడు గూడేల్లో పిల్లలకు సూదులు వేసి, గర్భిణులను చూసి వచ్చేది నర్సు కొర్రా రాజులమ్మ. మూడింటిలో దూరమైనది బొడ్డుమామిడి. అక్కడికి గురువారం వెళ్లేవారు. చింతలగెడ్డ పొలిమేరలో తారు అయిపోతుంది. అక్కణ్నుంచి తొమ్మిది కిలోమీటర్లు బురద, బండలు, దారికి అడ్డంగా పారే రెండు గెడ్డలు. ఇవి కాక వారానికోసారి హైవే మీద పెద్దాసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకోవాలి.

జూన్ మొదటి వారంలో గౌరునాయుడి దరఖాస్తు నా బల్ల మీదికొచ్చింది. మూడే వాక్యాలు. జీపు టైర్లు నాలుగూ అరిగిపోయాయి. స్టెప్నీ కూడా అరిగిపోయింది. కొండకీ రోడ్డుకీ రెండింటికీ పనికొచ్చే టైర్లు ఇప్పించ ప్రార్థన.

మొదటి రెండు వాక్యాలతో నాకేం పేచీ లేదు. మూడోది చదివేసరికి నాకు నిద్రమత్తు వదిలింది. మా స్టోర్సు జాబితాలో టైర్లు రెండే రకాలు. వరుస సంఖ్య పదకొండు, రహదారి టైర్లు. వరుస సంఖ్య పన్నెండు, రహదారేతర టైర్లు. రెండింటికీ పనికొచ్చేవి అన్న వరుస సంఖ్యే లేదు. బజార్లో ఏ టైర్ల కొట్టువాణ్ని అడిగినా, మరీ మట్టిరకమూ కాకుండా మరీ రోడ్డురకమూ కాకుండా మధ్యస్తంగా ఉండేవి తీసి చూపిస్తాడు. కాని కొట్టువాడికి వరుస సంఖ్యలతో పనిలేదు. నాకు వాటితోనే పని.

దీనికి ఇంకో సులువైన దారి కూడా ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. సిగ్గుపడటానికి నాకు కాస్త వ్యవధి కావాలి.

నాలుగు రోజులు కూర్చుని నోటు రాశాను. మనిషి చక్రం కనిపెట్టిన దగ్గర మొదలుపెట్టి, ఏడో పేజీకి జీపు దాకా వచ్చాను. గౌరునాయుడి పేరు పదకొండో పేజీలో వస్తుంది, అదీ కింద చిన్న అక్షరాల్లో. మా జాయింట్ డైరెక్టరు డాక్టర్ మార్కండేయులు గారు నోటు చదివి నన్ను పిలిపించారు. కూర్చోమన్నారు కూడా. ఆయన ముందు నేను కూర్చోవడం అదే మొదలు.

"నరసింగరావు గారూ, ఇది కేవలం టైర్ల సమస్య కాదు. విధానపరమైన శూన్యత. శూన్యతను కమిటీ ద్వారానే పూరించాలి" అన్నారు.

ఆయనే అధ్యక్షులు. రోడ్ల శాఖ నుంచి త్రివిక్రమరావు గారనే ఇంజనీరు సభ్యుడు. నేను సభ్య కార్యదర్శిని. టైరు మార్చడం తెలిసినవాళ్లు కమిటీలో ఉండకూడదన్న నిబంధన ఏమీ లేదు. అలా కుదిరింది, అంతే.

మొదటి సమావేశంలోనే అధ్యక్షులు దారి చూపించారు. వాహనం ఎక్కడ ఎంత తిరుగుతోందో లాగుబుక్కు చెబుతుంది, వాడుక ఏ నిష్పత్తిలో ఉంటే టైర్లు ఆ నిష్పత్తిలో ఉండాలి, ఇంతకుమించిన శాస్త్రీయ ప్రాతిపదిక లేదు అన్నారు. లాగుబుక్కు తీసి లెక్కవేశాను. కొండ మీద అరవై శాతం, రోడ్డు మీద నలభై. ఆ ప్రకారం నాలుగు టైర్లలో రెండు పాయింట్ నాలుగు టైర్లు కొండవి కావాలి. ఆ పాయింట్ నాలుగు దగ్గర కమిటీ గంటసేపు ఆగిపోయింది. కాఫీలు రెండుసార్లు వచ్చాయి. చివరికి నాకే తట్టింది. స్టెప్నీ కూడా టైరే కదా, దాన్ని కలుపుకుంటే ఐదు, ఐదులో మూడు కొండవి, రెండు రోడ్డువి, చిల్లర మిగలదు అన్నాను. మార్కండేయులు గారు లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకి ఈ విజయం వర్ణించి చెప్పాను. ఆవిడ అంతా విని, నెలలో సగం రోజులు వాన పడుతోంది గనక రేపట్నుంచి ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పు వేసుకుని ఆఫీసుకి వెళ్లమంది. ఆవిడకి పాలనానుభవం లేదు.

వెనక రెండు చక్రాలకు కొండ టైర్లు, ముందు రెండింటికి రోడ్డు టైర్లు, స్టెప్నీ కొండది. బిగించిన రెండో రోజునే గౌరునాయుడు ఫోన్ చేశాడు.

"బాబూ, ముందు సెక్రాలు ఒక దారంటే ఎనకవి ఇంకో దారంటన్నాయి. గెడ్డ ఒడ్డున ముందుభాగం బురదలో కూకుండిపోతంది. రోడ్డెక్కితే ఎనకభాగం గోల."

ఫిర్యాదు రాతపూర్వకంగా పంపమన్నాను. పంపాడు. దాని మీద కమిటీ, వాహనాన్ని స్వయంగా చూడకుండా నిర్ణయాలు తీసుకోవడం భావ్యం కాదని, ఇకపై ప్రతి సమావేశానికీ జీపుని హాజరుపరచాలని తీర్మానించింది. అధ్యక్షులకు ఖాళీ ఉండేది గురువారాలే. అంచేత గౌరునాయుడు గురువారం బొడ్డుమామిడి మానుకుని, తొంభై కిలోమీటర్లు హైవే మీద వచ్చి, మా కార్యాలయం ముందు జీపు నిలబెట్టేవాడు. మేం ముగ్గురం చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను తలా ఒకసారి బూటుతో తన్ని, లోపలికి పోయేవాళ్లం. అతను మళ్లీ తొంభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లేవాడు.

జూలై నెలాఖరుకి లాగుబుక్కు చూస్తే కొండ నలభై, రోడ్డు అరవై. వాడుక సరళి మారిందని కమిటీ గుర్తించింది. ఒక కొండ టైరు తగ్గించి, ఒక రోడ్డు టైరు పెంచాం.

ఆ రోజుల్లోనే రాజులమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బొడ్డుమామిడిలో వంతల సుందరమ్మ అనే అమ్మాయికి తొలిచూలు, ఏడో నెల. కాళ్లు వాచాయి, బీపీ ఎక్కువగా ఉంది. వారం వారం చూడాలి. తొమ్మిదో నెల రాగానే కిందికి దింపి పెద్దాసుపత్రిలో చేర్చకపోతే ప్రాణం మీదికొస్తుంది. దయచేసి గురువారాలు జీపుని పిలవకండి అని రాసింది.

ఉత్తరం చదివి నేను నిజంగానే బాధపడ్డాను. అందుకే దాన్ని మామూలు కాగితాల్లో కలపకుండా, టైర్ల ఫైల్లో ఎర్రచీటీ అంటించి, అనుబంధం 'గ'గా పెట్టాను. మా కార్యాలయంలో ఒక ఉత్తరానికి ఇంతకన్నా గౌరవం దక్కదు.

ఆగస్టులో మూడు సమావేశాలు జరిగాయి. అసలు కొండదారి అంటే ఏమిటన్నది చర్చనీయాంశం. గెడ్డలో నీళ్లున్నంతకాలం ఆ భాగం దారి కిందికి రాదని, జలవనరుల కిందికి వస్తుందని, ఆ మేరకు కిలోమీటర్లు తీసేయాలని త్రివిక్రమరావు గారు వాదించారు. ఆయన వాదనలో బలం ఉందని నేనే మినిట్స్‌లో రాశాను. నెలాఖరు లెక్క కొండకి ఇరవై, రోడ్డుకి ఎనభై. అంటే ఐదులో ఒక్కటే కొండ టైరు. అది ఎక్కడ బిగించాలన్నది ప్రశ్న. కొండ ప్రయాణం ఎప్పుడో గాని జరగడం లేదు గనక, ఎప్పుడో గాని వాడని చోటనే ఆ టైరు ఉండటం సమంజసమని అధ్యక్షులు తేల్చారు. స్టెప్నీగా పెట్టించాం.

ఆ రోజు జీపు బయల్దేరే ముందు గౌరునాయుడు వరండాలో నా కోసం ఆగాడు. తువ్వాలు చేత్తో పట్టుకుని, నేలవైపు చూస్తూ అన్నాడు.

"తమరు పిలవబట్టే కదా బాబూ రోడ్డు మీద తిరుగుడు ఎక్కువైంది. పిలుపు మానేత్తే లెక్క దానికదే సరిపోద్ది."

నాకు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మూడు నెలలుగా మేం కొలుస్తున్నది జీపు వాడకాన్ని కాదు, మా సమావేశాల్ని. లోపలికెళ్లి చెబుదామనుకున్నాను కూడా. కాని అప్పటికే మినిట్స్ టైపు అయిపోయాయి, కార్బన్ కాపీలతో సహా.

సెప్టెంబరులో లెక్క తేలిగ్గా తేలింది. కొండ టైరు వీపున మోసుకుంటూ రోడ్డు టైర్ల మీద నడిచే జీపు మొదటి గెడ్డే దాటలేదు. కొండ వాడుక సున్నా. సున్నా చాలా శుభ్రమైన అంకె. మార్కండేయులు గారు దాన్ని చూసి తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు.

"కొండ వాడుకే లేనప్పుడు కొండ టైర్ల ప్రసక్తి ఉత్పన్నం కాదు. సమస్య సమసిపోయింది" అన్నారు.

అప్పుడు నేను అనుబంధం 'గ' తీశాను. దీన్ని నా ధైర్యసాహసాల కింద రాసుకోమని మనవి. సుందరమ్మకి తొమ్మిదో నెల వచ్చిందని, ఆమెను దింపాలని చెప్పాను. అధ్యక్షులు కాగితం మీద లెక్క వేశారు. బొడ్డుమామిడి నుంచి చింతలగెడ్డకి తొమ్మిది కిలోమీటర్లు, అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి పద్దెనిమిది. అంటే ఆమె ప్రయాణంలో మూడింట రెండొంతులు రహదారే. కాబట్టి స్వభావరీత్యా ఆమె రహదారి ప్రయాణికురాలని, ఆమె కోసమైనా రోడ్డు టైర్లే ఉండాలని నిర్ణయమైంది. ఫైలు మూసేముందు, కొండ మీద వాహన వాడుక లేదని సభ్య కార్యదర్శి స్వయంగా వెళ్లి చూసి ధ్రువీకరించాలన్నారు.

మర్నాడు ఉదయమే గౌరునాయుడు నన్ను జీపులో తీసుకెళ్లాడు. రోడ్డు టైర్లు హైవే మీద వెన్నలా సాగాయి. నా నోటు మీద నాకే కాస్త గౌరవం కలిగింది. చింతలగెడ్డ దాటి, తారు అయిపోయిన చోట అతను జీపు ఆపి ఇంజను కట్టేశాడు. అక్కడ రాజులమ్మ మందుల పెట్టె భుజాన వేసుకుని నిలబడి ఉంది. నెలరోజులుగా నడిచే వెళ్తోందట.

"మీరూ వస్తారా సార్? సుందరమ్మని ఇవాళ ఎలాగైనా దింపేయాలి. మొన్న చూసినప్పుడు బీపీ బాగా పెరిగింది" అంది.

ధ్రువీకరణపత్రం జీపులో కూర్చుని రాసినా ఎవరికీ తెలియదు. ఎందుకు దిగానో ఇప్పటికీ చెప్పలేను. నా కాళ్లకి ప్రమోషన్ వచ్చినప్పుడు కొనుక్కున్న నల్లబూట్లు. కార్యాలయం గచ్చు మీద వాటికి తిరుగులేదు. మొదటి గెడ్డ చేరేలోపు మూడుసార్లు పడ్డాను. నాలుగోసారి పడినప్పుడు రాజులమ్మ ఒక కర్ర విరిచి ఇచ్చింది.

రెండో గెడ్డ దాటగానే పైనుంచి మనుషులు దిగి వస్తూ కనిపించారు. ముందు నలుగురు డోలీ మోస్తున్నారు. పొడుగాటి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో సుందరమ్మని పడుకోబెట్టారు. వెనక మరో నలుగురు, భుజం మార్చుకోవడానికి. తెల్లవారుజాము నుంచి తల పగిలిపోతోందని, కళ్లు మసకలు కమ్ముతున్నాయని చెప్పి, నర్సు వచ్చేదాకా ఆగకుండా బయల్దేరారట. రాజులమ్మ దుప్పటి తొలగించి చూసింది. నేనూ చూశాను. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మొహం వాచిపోయి కళ్లు సగం మూసుకుపోయాయి. అనుబంధం 'గ' అంటే ఈ అమ్మాయి అని నాకు అప్పుడు తెలిసింది. రాజులమ్మ మాత్ర వేసి, సూది ఇచ్చి, తొందరగా నడవమంది.

నేను వెనక్కి తిరిగి గెడ్డలో కాలు పెట్టానో లేదో జారి నడుంలోతు నీళ్లలో కూర్చున్నాను. లేచేసరికి ఎడమకాలి బూటు లేదు. డోలీ వెనక వస్తున్న పెద్దాయన, సుందరమ్మ మామగారు సోమన్న, నా చెయ్యి పట్టుకుని లాగి, బండ మీద కూర్చోబెట్టాడు. తన కాళ్లకున్న చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు.

"ఇయ్యి తొడుక్కో బాబూ. ఇయ్యి జారవు."

వద్దన్నాను. మరి నీకో అన్నాను. తన కాళ్లకి ఈ దారి అలవాటేనన్నాడు. చెప్పులు తిరగేసి చూశాను. మందమైన నల్ల రబ్బరు. అడుగున జీపు టైరు గాట్లు, అరిగినవి పోగా మిగిలినవి. ఎక్కడివని అడిగాను. జూన్‌లో జీపు నుంచి తీసేసిన పాత టైర్లు ఐదూ గౌరునాయుడు పారేయకుండా తెచ్చి ఇచ్చాడట. సంతలో చెప్పులు కుట్టేవాడు కోసిపెట్టాడట. డోలీ మోసేవాళ్లందరికీ వచ్చాయట.

నేను మిగతావాళ్ల కాళ్లవైపు చూశాను. మా కమిటీ పనికిరావని తీసేసిన టైర్లు, మా జీపు ఎక్కలేని కొండ మీద, గెడ్డ దాటి, బండల మీద గట్టిగా ఆనుతూ దిగిపోతున్నాయి.

"తమరిదేటి ఉద్యోగం బాబూ?" అన్నాడు సోమన్న నడుస్తూ.

ఆఫీసులో రాతపని అన్నాను. కాసేపటికి ఉండబట్టలేక డోలీకి నేనూ ఒక భుజం పట్టాను. ముప్పై అడుగులు మోశాను. ముప్పై ఒకటో అడుగులో సోమన్న నన్ను మర్యాదగా పక్కకి తప్పించి, ఉత్తకాళ్లతో ఆ చోటులోకి తను వెళ్లాడు. నేను తప్పుకున్నాక అందరూ వేగంగా నడిచారు.

వాళ్లు ఇల్లు కదిలిన నాలుగు గంటలకి తారు కనిపించింది. గౌరునాయుడు వెనకసీటు పరిచి సిద్ధంగా ఉన్నాడు. అక్కణ్నుంచి పెద్దాసుపత్రికి ఇరవై నిమిషాలు. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల పుట్టింది. సుందరమ్మ మూడో రోజుకి గాని కళ్లు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఆ మూడు రోజులూ నేను ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాను. వెళ్లమని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. చెప్పులు తిరిగి ఇవ్వబోతే సోమన్న తీసుకోలేదు. స్టెప్నీలో ఇంకా ముక్క మిగిలిందట, వేరే జత చేయించుకుంటానన్నాడు.

తరవాతి గురువారం కమిటీ కూర్చుంది. రోగిని చింతలగెడ్డ నుంచి ఇరవై నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చడంతో రహదారి టైర్ల ఎంపిక సరైనదని క్షేత్రస్థాయిలో రుజువైందని అధ్యక్షులు రికార్డు చేయించారు. అంతకుముందు నాలుగు గంటల సంగతి ఎక్కడ రాయాలని అడిగాను. డోలీకి చక్రాలు లేవు గనక అది వాహనం కాదని, లాగుబుక్కులో దానికి కాలమ్ లేదని త్రివిక్రమరావు గారన్నారు. మార్కండేయులు గారు ఫైలు నా ముందుకి జరిపారు.

"కొండ భాగానికి డోలీ వ్యవస్థ సమర్థంగా పనిచేస్తున్నట్టు అవగతమవుతోంది. దాన్ని ప్రోత్సహించే విషయమై ఒక నోటు పెట్టండి నరసింగరావు గారూ. విపులంగా" అన్నారు.

నా బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం ముందు కూర్చున్నాను. కలం కదల్లేదు. ఇందాక చివర్లో చెబుతానన్న సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు.

మా నిబంధనల పుస్తకంలో అరవై మూడో పేజీలో ఒక పేరా ఉంది. వైద్య వాహనాల అత్యవసర మరమ్మతులకు కావలసిన సామాను సూపరింటెండెంటు తన సంతకంతోనే, బజార్లో ఏది పనికొస్తే అది కొనవచ్చు. వరుస సంఖ్య అక్కర్లేదు. పై అధికారి అనుమతి అక్కర్లేదు. ఈ పేరా నాకు పంతొమ్మిదేళ్లుగా కంఠతా వచ్చు. జూన్‌లో దరఖాస్తు చూసినప్పుడూ గుర్తుంది. కాని సంతకం పెడితే పని ఒక్క నిమిషంలో అయిపోతుంది, చేసిందెవరో ఎవరికీ తెలియదు. నోటు పెడితే పెద్దవాళ్లు చదువుతారు, పిలిచి కూర్చోమంటారు. ఆ కుర్చీ కోసం నేను ఆ అమ్మాయిని నాలుగు గంటలు దుప్పట్లో వేలాడదీశాను.

ఫైలు అట్టడుగు నుంచి గౌరునాయుడి దరఖాస్తు తీశాను. మూడో వాక్యం కింద 'అనుమతించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. నా జీవితంలో రాసిన అతి పొట్టి నోటు అదే. సోమవారానికి టైర్లు వచ్చాయి, గురువారానికి జీపు బొడ్డుమామిడిలో ఉంది.

కమిటీ పరిశీలనలో ఉన్న విషయంలో తలదూర్చినందుకు నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ఒక పేజీ దాటకుండా జవాబు రాయాలని కష్టపడుతున్నాను. అలవాటు లేని పని. స్టోర్సు నుంచి కూడా ఒక కాగితం వచ్చింది. జూన్‌లో తీసేసిన పాత టైర్లు ఐదూ వెంటనే వాపసు చేయమని. దాని కిందనే రాసి పంపేశాను. 'సదరు టైర్లు కొండదారిలో వాడుకలో ఉన్నవి. వాపసు చేయుటకు వీలుపడదు.'

నిన్న వరండాలో మార్కండేయులు గారు ఎదురుపడ్డారు. మెమో సంగతి అడగబోతూ నా కాళ్లవైపు చూసి ఆగిపోయారు.

"ఏమిటవి నరసింగరావు గారూ, కార్యాలయంలో?" అన్నారు.

"రెండింటికీ పనికొచ్చేవండి" అన్నాను.